మునసబుగారి వాటా

వానాకాలం వచ్చిందంటే అచ్చియ్యమ్మ పెరడు మడుగయ్యేది. పక్కింటి మునసబు గవర్రాజు తన తోటను మెరక చేయించి, నీళ్లన్నీ ఆమె దొడ్లోకి పారేటట్టు గట్టు తెంపించాడు మరి.

"ఓ కాలువ తవ్వించండి బాబూ, నా బొప్పాయి మొక్కల వేళ్లు కుళ్లిపోతున్నాయి" అని ఆమె మొరపెట్టుకుంది.

"వాన నీళ్లు నావా? పోయి ఆకాశాన్ని అడుగు!" అన్నాడతను.

అచ్చియ్యమ్మ పెరడంతా మట్టిదిబ్బలు పోసి, వాటి నెత్తిన కొత్త మొక్కలు నాటింది. పారే నీళ్లు వేళ్లను ముంచలేకపోయాయి సరికదా, మునసబు తోటలోని పశువుల ఎరువంతా తెచ్చి దిబ్బల చుట్టూ దింపిపోయాయి. మళ్లీ వానలు పడేనాటికి చెట్లు విరగకాశాయి.

గవర్రాజుకి కళ్లు కుట్టాయి. ఊరి పెద్దల్ని వెంటేసుకుని వచ్చి, "ఇవి నా ఎరువు తిని కాసిన కాయలు. సగం నావే!" అన్నాడు.

"కాదన్నానా బాబూ? మీ వాటా మీరు తినాల్సిందే" అంటూ అచ్చియ్యమ్మ మిగలపండిన కాయ కోసి ముక్కలు చేతిలో పెట్టింది. గవర్రాజు దర్జాగా తినసాగాడు.

అప్పుడామె పెద్దలవైపు తిరిగింది. "ఎరువు బాబుగారిదైతే, దాన్ని మోసుకొచ్చిన నీళ్లూ బాబుగారివే కదండీ. ఇక కాలువ ఎవరు తవ్వించాలో మీరే సెలవివ్వండి."

'ఆ ఎరువు నాది కాదు' అందామనుకున్నాడు గవర్రాజు. కానీ నోటినిండా బొప్పాయి పండే.