డస్టరు లేని క్లాసు

జిలానీ గారి గదిలోకి వచ్చిన ప్రసూన కుర్చీలో కూర్చోలేదు. చేతిలో ఉన్న ఆన్సరు పేపర్ల కట్ట బల్ల మీద పెట్టి, "ఈ క్లాసు మీరే తీసేసుకోండి సార్. నాకు పాఠం చెప్పడం చేతకాదు," అంది.

ఆ యూనివర్సిటీ లెక్కల డిపార్ట్‌మెంటులో ఒక ఆనవాయితీ ఉంది. పీహెచ్‌డీ చేసేవాళ్ళకి గైడు తన క్లాసుల్లో ఒకటి అప్పగిస్తారు. ఈత నీళ్ళలో దిగే నేర్చుకోవాలి కదా, పాఠం చెప్పడమూ అంతేనని పెద్దల ఉద్దేశం. ప్రసూనకి గైడు జిలానీ గారే. ఆయన క్లాసుల్లోంచి ఆమెకి మొదటి సంవత్సరం ఎమ్మెస్సీ ఆల్జీబ్రా వచ్చింది. ఆ రోజు ఆమె ఆనందం ఇంతా అంతా కాదు. హైస్కూల్లో ఉన్నప్పుడే తమ్ముళ్ళని కూర్చోబెట్టి, పెరటి తలుపు మీద సుద్దముక్కతో లెక్కలు చెప్పిన మనిషి. లెక్చరర్ కావాలన్నది తప్ప ఆమెకి ఇంకో కోరిక లేదు. అలాంటి పిల్ల తనంతట తానే క్లాసు వద్దంటోంది.

జిలానీ గారు పేపర్లు తిరగేశారు. చాలావరకూ ఖాళీగా ఉన్నాయి.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది సార్. డౌట్లున్నాయా అని రోజూ అడుగుతాను. ఒక్కరూ నోరు విప్పరు. అర్థమైందా అంటే గంగిరెద్దుల్లా తలలూపుతారు. తీరా చూస్తే ఇదీ సంగతి."

"నువ్వు బోర్డు మీద రాస్తున్నప్పుడు వాళ్ళేం చేస్తుంటారమ్మా?"

"రాసుకుంటుంటారు సార్."

"చూశావా?"

ప్రసూన బల్ల మీది పేపర్లు సర్దడం మొదలుపెట్టింది.

"సరే. రేపు నేనొచ్చి వెనక కూర్చుంటాను. క్లాసు ఎవరు తీసుకోవాలో తర్వాత చూద్దాం," అన్నారాయన.

మర్నాడు ఆయన అన్నట్టే వచ్చి చివరి బెంచీలో ఒదిగి కూర్చున్నారు. గురువుగారు వింటుంటే ప్రసూన ఇంకా చెలరేగిపోయింది. ఆమె రాసే తీరు డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. కుడిచేతిలో సుద్దముక్క, ఎడమచేతిలో డస్టరు. అది రాసుకుంటూ పోతుంటే ఇది వెనకాలే తుడుచుకుంటూ వస్తుంది. క్షణం వృథా పోదు.

జిలానీ గారి పద్ధతి వేరు. ఆయన డస్టరు ముట్టుకోరు. బోర్డు నిండగానే పక్కకి జరిగి నిలబడతారు. అందరూ రాసుకున్నాక పిల్లల్లోంచే ఎవరో ఒకరు లేచి తుడుస్తారు. సార్‌కి సుద్దపొడి పడదని ప్రసూన బ్యాచి అనుకునేది. కాస్త బద్ధకం కూడా ఉందిలే అని చాటుగా నవ్వుకునేది. ఆ బద్ధకం తనకి అంటకూడదనే ఆమె పట్టుబట్టి ఈ రెండు చేతుల విద్య నేర్చింది.

క్లాసయ్యాక, "ఎలా చెప్పాను సార్?" అని అడిగింది.

"ఒక్క తప్పు కూడా లేదమ్మా," అని ఆయన వెళ్ళిపోయారు. తప్పు లేకపోతే మరి పేపర్లెందుకు ఖాళీగా ఉన్నాయో ఆయన చెప్పలేదు. ఇంకొకరైతే ఓ సామెత చెప్పి, గంటసేపు దానికి వ్యాఖ్యానం చేసి ఉండేవారు. జిలానీ గారికి ఆ అలవాటు లేదు.

తర్వాతి క్లాసుకి వెళ్ళేసరికి బోర్డు దగ్గర డస్టరు లేదు.

"నిన్న సార్ జేబులో పెట్టుకెళ్ళారు మేడమ్," అన్నాడు ముందు బెంచీ కుర్రాడు. అందరూ నవ్వారు. పెద్దాయనకి మతిమరుపు వస్తోంది కాబోలనుకుని ప్రసూన మొదలుపెట్టేసింది. మామూలు వేగంతోనే రాసింది. చూస్తుండగానే బోర్డు కింది మూల దాకా నిండిపోయింది. అరచేత్తో తుడవబోయింది గానీ, ఎందుకో చెయ్యి ఆగింది. గుడ్డ ఏదైనా ఉందేమో అడుగుదామని వెనక్కి తిరిగింది.

ఒక్క ముఖం కూడా కనబడలేదు. అందరి తలలూ వంగి ఉన్నాయి. పెన్నులు పరుగెడుతున్నాయి. వెనక బెంచీలో ఒకడు సగం లేచి నిలబడి మెడ సాచి చూసి రాసుకుంటున్నాడు. ఒక అమ్మాయి పక్కదాని పుస్తకంలోకి చూసి ఎక్కిస్తోంది. పాపం, వాళ్ళింకా పై వరసల్లోనే ఉన్నారు.

ప్రసూన బోర్డు పక్కకి జరిగి నిలబడింది. అంతసేపు ఊరికే నిలబడటం ఆమెకి అలవాటు లేదు. ఇన్నాళ్ళూ తను భయపడుతూ వచ్చిందని అప్పుడే తెలిసింది. ఆగితే ఎవరైనా ఏదైనా అడుగుతారని, అడిగితే తనకి రాదేమోనని. 'డౌట్లున్నాయా' అని అడిగిన రోజుల్లో కూడా జవాబు వచ్చేలోపే బోర్డు వైపు తిరిగిపోయేది. ఇప్పుడు తిరుగుదామన్నా బోర్డు మీద చోటు లేదు.

ఒక్కొక్క తలా పైకి లేచింది. అప్పుడు ఆకుపచ్చ చున్నీ వేసుకున్న అమ్మాయి మెల్లగా చెయ్యెత్తింది.

"మేడమ్, పైన ఆ రెండో లైను నుంచి మూడోది ఎలా వచ్చింది?"

మామూలుగా అయితే ఆ లైను ఎప్పుడో చెరిగిపోయి ఉండేది. ప్రసూన దాని దగ్గరికి వెళ్ళి చూసింది. విచిత్రం, ఒక్క క్షణం తనకీ తట్టలేదు.

"ఉండండి, నన్నూ చూడనివ్వండి," అంది.

ఎవరూ నవ్వలేదు. అందరూ ముందుకి వంగి చూశారు. కాసేపటికి ఆమెకి దొరికింది. రెండు లైన్ల మధ్య ఇరికించి ఇంకో లైను రాసింది. "ఓహో, అదా!" అని వెనకనుంచి ఎవరో గట్టిగా అన్నారు. వెంటనే ఇంకో చెయ్యి లేచింది, దాని వెనక మరొకటి. బెల్లు కొట్టాక కూడా పిల్లలు కదల్లేదు.

ఆమె తిన్నగా జిలానీ గారి గదికి వెళ్ళింది.

"ఇవాళ పోర్షన్ అవలేదు సార్. ఒక్క బోర్డుతోనే గంటంతా అయిపోయింది. పిల్లలు వదిలితేగా..." అంటుంటే ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మరి క్లాసు నన్ను తీసుకోమన్నావుగా?"

"వద్దు సార్. నేనే చెప్తాను."

ఆయన సొరుగు లాగారు. అందులో ప్రసూన డస్టరు ఉంది. దాని పక్కనే ఇంకొకటి, చెక్కది. గుడ్డ అరిగి, రంగు వెలిసి ఉంది.

"ఇదెవరిది సార్?"

"నాదే. పాఠం చెప్పడం మొదలెట్టిన కొత్తల్లో మా గురువుగారు పట్టుకుపోయారు."

"మళ్ళీ ఎప్పుడిచ్చారు?"

"ఇవ్వలేదమ్మా. ఆయన రిటైరైన రోజున బల్ల సర్దుతుంటే దొరికింది."

డస్టరు కోసం చాచిన చెయ్యి ప్రసూన వెనక్కి తీసుకుంది. సొరుగు నెమ్మదిగా తనే మూసింది.