ఊడ్చిన కొండ

అనగనగా, మీ తాతల తాతలకు కూడా పాలపళ్ళు రాని కాలంలో, ఒక కొండ పాదాన అద్దంవలస అనే ఊరు ఉండేది. పేరుకు తగ్గట్టే అద్దంలాంటి ఊరు. వాకిలి ఊడ్చి, వీధి ఊడ్చి, అంతటితో ఆగక ఆ జనం కొండను కూడా ఊడ్చేవారు. పోగైన ఆకులకు నిప్పు పెట్టేవారు. కొండను ఊడ్చే ఊరు ఇంకోటి ఉంటే చూపించండి.

ఆ ఊరి పెద్ద పైడమ్మ. కూర్చుంటే ఆమెకు కాళ్ళు పీకేవి, నిలబడితే చేతులు దురద పెట్టేవి.

కొండ మీది ఊట ఏటేటా సన్నబడింది. చెట్లు మోడులయ్యాయి. రాజుగారి కబురు వచ్చింది. మూడో వానాకాలం దాటాక మంత్రి వచ్చి చూస్తాడట. అప్పటికి కొండ పచ్చబడకపోతే ఊరు ఖాళీ చేసి, తలా ఒక చోటికి పోవాలట. అంటే అక్క ఒక ఊరు, చెల్లి ఒక ఊరు. ఆ మాట విన్నప్పటి నుంచి పైడమ్మకు ముద్ద దిగలేదు.

తొలి వానకు ఆమె ఊరినంతా కొండెక్కించింది. ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ అందరూ వచ్చారు. ఇంటికొక గుంట తవ్వి నేరేడు, ఉసిరి, కానుగ నాటారు. నాటి ఊరుకున్నారా? మొక్కల చుట్టూ శుభ్రంగా ఊడ్చి ముగ్గులు పెట్టారు. ఎండాకాలం వచ్చేసరికి మొక్కలు పుల్లలయ్యాయి.

నీళ్ళు చాలలేదని పైడమ్మ అందరినీ తిట్టిపోసింది. మరుసటి ఏడు మళ్ళీ నాటించి, దిగువ వాగు నుంచి వరసగా నిలబడి కడవలు అందించుకోమంది. ఊళ్ళోవాళ్ళు ఊడ్చిన నేలను పేడతో అలికి మరీ నీళ్ళు పోశారు. వాకిట్లో పోసినట్టు నీళ్ళు జారిపోయాయి. మొక్కలు మళ్ళీ ఎండాయి.

"అత్తా, మొక్కలు నీ మాట వినవు గాని, మూటలు కట్టుకుందాం," అన్నాడు ఆమె మేనల్లుడు సన్యాసి. అప్పటికే రెండిళ్ళవాళ్ళు కట్టుకుంటున్నారు.

పైడమ్మకు ఒళ్ళు మండింది. మిట్టమధ్యాహ్నం చీపురు పట్టుకుని ఒంటరిగా కొండెక్కి, ఎవరి మీదో కసి తీర్చుకున్నట్టు ఊడవసాగింది. ఒక పొద కింద మిగిలిన ఆకుల్లోంచి కౌజుపిట్ట తల ఎత్తింది.

"అమ్మా, నీ ఇంటి కప్పు నేనెప్పుడైనా పీకానా?"

"ఇది ఇల్లా? చెత్త."

"చెయ్యి పెట్టి చూడు."

పెట్టింది. చల్లగా ఉంది. తడి ఉంది. వేలికి ఒక మొలక తగిలింది. తాను ఊడ్చిన నేల మీద అదే చెయ్యి పెడితే పెనంలా కాలింది.

"నీళ్ళు పోశారు సరే," అంది పిట్ట. "కొండ ఒంటి మీది బట్ట లాగేశారు కదమ్మా."

మూడో ఏటి వానకు మళ్ళీ నాటారు. ఈసారి ముగ్గు లేదు, అలుకు లేదు. పిల్లలు పందెం వేసుకుని వీధుల్లో ఆకులు ఏరారు. ఇంటిల్లిపాదీ గంపలకెత్తి కొండంతా పరిచారు. పొరుగూరివాళ్ళు చూసి, చీపుర్లు అరిగిపోయాయా, మావి పంపమంటారా అని ఎగతాళి చేశారు. చీపుర్లు మీరే ఉంచుకుని ఆకులు పంపండి అని పైడమ్మ కబురు పెట్టింది. పైకి అలా అంది గాని, ఆ ఆకులను చూసినప్పుడల్లా ఆమె చేతులు చీపురు కోసం లాగేవి. చేతులు కట్టుకుని, పళ్ళు బిగబట్టి తిరిగింది.

వానాకాలం వెళ్ళింది. మంత్రి వస్తున్నాడని కబురు రాగానే ఊరు ఊరంతా చీపుర్లు పట్టుకుని కొండకేసి పరుగెత్తింది. పెద్దమనిషికి చెత్త చూపిస్తే పరువేం కావాలన్నారు. పైడమ్మ చెయ్యి కూడా చీపురు మీద పడింది. మంత్రి మొగం చిట్లిస్తే ఊరు పోతుంది. ఊడిస్తే కొండ పోతుంది.

ఆమె చీపురు వదిలేసి, పరుగున వెళ్ళి దారికడ్డంగా కూర్చుంది.

"ముందు నన్ను ఊడ్చి అవతల పారెయ్యండి. తరవాత వెళ్ళండి."

ఎవరూ కదల్లేదు. అంతలో మంత్రి రానే వచ్చాడు. కొండ మీది ఆకులు చూసి ముక్కు చిట్లించి, రాజుగారి మనిషి వస్తుంటే ఇదేనా మర్యాద అన్నాడు. సన్యాసి చేతులు నలుపుకుంటూ, గాలికి కొట్టుకొచ్చాయి బాబూ అని గొణిగాడు.

"గాలి తేలేదు," అంది పైడమ్మ లేచి. "మా పిల్లలు గంపలతో మోసి పరిచారు. ఇన్నేళ్ళూ ఊడ్చి ఊడ్చి కొండను చంపింది మేమే. తప్పు మాది. ఈ ఆకులు మాత్రం తియ్యం."

మంత్రి కోపంగా ముందుకు అడుగేశాడు. పాదం ఆకుల్లోకి దిగబడింది. తీసి చూస్తే, అడుగు పడిన గుంటలో నీళ్ళు ఊరుతున్నాయి. గుంట పక్కనే జానెడు నేరేడు మొక్క, లేత ఎరుపు చిగుళ్ళతో నిలబడి ఉంది. పరికించి చూస్తే కొండంతా ఆకుల మధ్య అలాంటి చిగుళ్ళే. ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. వంగి ఆ నీళ్ళు పుడిసిట పట్టి తాగాడు.

"ఊరు కదలక్కర్లేదు," అన్నాడు. "ఇంకా ఆకులు ఎక్కడ పరచాలో చూపించండి, నేనూ ఒక గంప మోస్తాను."

కంటికి నచ్చేలా చేసింది కాదు, నేలకు కావలసినట్టు చేసిందే సేవ.