నలభై ఆరు గుండెలు, ఒకే అంకె

బుధవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు రత్నం మాస్టారు చీరాల మైదానంలో ఖోఖో పోలు చుట్టూ మట్టి తొక్కుతున్నారు. ముప్పై రెండేళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి తొమ్మిదేళ్ల కిందట రిటైరయ్యారు. ఉద్యోగం పోయింది కానీ ఆరుగంటలకు మైదానానికి రావడం పోలేదు. ఇప్పటికీ ఇరవై మంది ఆడపిల్లలు ఆయన దగ్గర ఖోఖో నేర్చుకుంటున్నారు. అడిగిన ప్రశ్నకు నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు. పన్నెండేళ్ల వయసులో హైమావతి, “పోలు దగ్గర చేతికి చిక్కకుండా ఎలా తిరగాలి మాస్టారూ?” అని అడిగితే, ఒక మేకపిల్లను మైదానంలో వదిలి దాన్ని పట్టుకురమ్మన్నారు. ఆమె గంటసేపు పరుగెత్తి, మోకాళ్లు దోక్కుపోయి, ఉత్త చేతులతో తిరిగివచ్చింది. “చూశావుగా” అని ఆయన మేకపిల్లను దాని యజమానికి అప్పగించి ఇంటికి వెళ్లిపోయారు.

ఆ హైమావతే ఇప్పుడు పట్టణంలోని ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ. చేరి అయిదు నెలలైంది. ఆ ఉదయం చంకలో అట్టల కట్ట ఒకటి పెట్టుకుని వచ్చి మాస్టారి పక్కన నిలబడింది.

“ఒక మాట అడగాలి మాస్టారూ.”

“అడుగు. ఊరికే నిలబడకు, తొక్కుతూ అడుగు.”

ఆమె చెప్పులు విప్పి మట్టిలోకి దిగింది. తమ స్కూలు నాలుగంతస్తుల భవనమనీ, మైదానం లేదనీ, ఏడో తరగతి టైంటేబుల్లో వారానికి నాలుగు ఆటల పీరియడ్లు ఉన్నా నాలుగూ లెక్కల సారే తీసుకుంటున్నారనీ చెప్పింది. తన పనల్లా ప్రార్థన వేళ పిల్లల్ని వరసలో నిలబెట్టడం, వార్షికోత్సవానికి డాన్సులు నేర్పించడం. ఆ నాలుగు పీరియడ్లూ పిల్లలకు తిరిగి ఇమ్మని మొన్న ప్రిన్సిపాల్‌ని అడిగింది.

“ఆయనేమన్నాడు?”

“నవ్వాడు మాస్టారూ. ‘పన్నెండేళ్ల పిల్లలకి గుండెజబ్బులేంటమ్మా, నలభై దాటినవాళ్ల గోల అది. ఆడకపోతే వీళ్ల గుండెకి వచ్చే నష్టమేంటో ఒక్కటి చెప్పు, రేపే పీరియడ్లు ఇచ్చేస్తాను’ అన్నాడు. మీరు చెప్పండి. ఇంత లేత గుండెకి ఆట వల్ల ఒరిగేదేమిటి?”

మాస్టారు అట్టల కట్ట అందుకున్నారు. అవి ఏడో తరగతి పిల్లల ఆరోగ్య కార్డులు, మొత్తం నలభై ఆరు. ఎత్తు, బరువు, వాటి కింద మూడు గళ్లు: కూర్చున్నప్పుడు నాడి, పరుగెత్తిన వెంటనే నాడి, అయిదు నిమిషాల విశ్రాంతి తర్వాత నాడి. మొదటి కార్డులో మూడు గళ్లలోనూ డెబ్బై రెండు అని ఉంది. రెండో కార్డులోనూ అంతే. మాస్టారు పేకముక్కలు తిరగేసినట్టు కట్టంతా తిరగేశారు. నలభై ఆరు కార్డుల్లో, నూట ముప్పై ఎనిమిది గళ్లలో, ఒకే చేతిరాతతో డెబ్బై రెండు.

“ఎవరు రాశారివి?”

“ఆఫీసులో బ్రహ్మయ్యగారు. సైన్సు పుస్తకంలో గుండె డెబ్బై రెండుసార్లు కొట్టుకుంటుందని ఉందట. పుస్తకంలో ఉన్నది రాస్తే ఎవరూ తప్పు పట్టరన్నారు. శనివారం తల్లిదండ్రులకి పంపాలి. పరీక్ష చేసింది నేనేనని కింద సంతకం పెట్టమంటున్నారు. పెట్టకపోతే నా సంగతి మీకు తెలుసు. నాకు ముందున్న పీఈటీ రెండు మాటలు ఎదురాడాడు. వేసవి సెలవుల తర్వాత అతనికి మళ్లీ కబురు లేదు.”

మాస్టారు కార్డుల అంచులు సరిచేసి ఆమె చేతిలో పెట్టారు. “నలభై ఆరుమంది పరుగెత్తారు. ఒక్క గుండెకీ ఆ కబురు అందలేదు” అన్నారు. “రేపు పదకొండింటికి మీ స్కూలుకి వస్తాను.”

అన్నట్టే వచ్చారు. ప్రిన్సిపాల్ శ్యామసుందర్ ఆయన్ని చూస్తూనే కుర్చీలోంచి లేచాడు. ఒకప్పుడు మాస్టారి దగ్గరే కబడ్డీ ఆడినవాడు, జిల్లా జట్టుకు రెండేళ్లు వెళ్లినవాడు. గోడకు ఆ జట్టు ఫోటో ఇంకా ఉంది. “మా రోజుల్లో ఎంత ఆడేవాళ్లం మాస్టారూ! పొద్దుగూకినా ఇల్లు గుర్తొచ్చేది కాదు. ఈ కాలం పిల్లలకి ఓపికేదీ?” అన్నాడు. ఆ మాటకు హైమావతికి ఒళ్లు మండింది. ఈయన ఆడుకున్నన్నాళ్లు ఆడుకుని, పిల్లల వంతు వచ్చేసరికి వాళ్లను మైదానంలేని భవనంలో పెట్టి తాళం వేసి, ఓపిక లేదని వాళ్లమీదే నేరం మోపుతున్నాడు.

“ఇద్దరు పిల్లల్ని పిలిపించు శ్యామూ” అన్నారు మాస్టారు. “ఏడో తరగతిలో అందరికంటే బాగా చదివే పిల్లని ఒకతెని. అస్సలు చదవని పిల్లని ఒకతెని.”

మూడో అంతస్తు నుంచి ఇద్దరూ దిగివచ్చారు. మొదటి ర్యాంకు తన్విత, చివరి ర్యాంకు ప్రసన్న. ఇద్దరికీ పన్నెండేళ్లే, ఇంచుమించు ఒకే ఎత్తు. పది నిమిషాలు బెంచీమీద కూర్చోబెట్టాక మాస్టారు ప్రిన్సిపాల్‌నే నాడి చూడమన్నారు. అతను బొటనవేలు పెట్టబోయాడు.

“బొటనవేలు కాదయ్యా. దానికి సొంత నాడి ఉంటుంది, పిల్లదనుకుని నీదే లెక్కపెడతావు. ఈ రెండు వేళ్లు పెట్టు.”

గోడ గడియారం చూస్తూ ప్రిన్సిపాల్ లెక్కపెట్టాడు. తన్వితకు తొంభై రెండు, ప్రసన్నకు డెబ్బై ఎనిమిది. పక్కనే నిలబడ్డ బ్రహ్మయ్య కాగితం మీద రాశాడు. తర్వాత మాస్టారు ఇద్దరినీ మూడో అంతస్తుదాకా రెండుసార్లు ఎక్కి దిగి రమ్మన్నారు. “పందెం కాదమ్మా. మీకు వీలైనట్టే రండి. ఆయాసమొస్తే ఆగండి.”

ప్రసన్న ముందు వచ్చింది. నూట ముప్పై ఆరు. తన్విత చాలాసేపటికి గోడ పట్టుకుని వచ్చింది. పెదవులు పాలిపోయాయి, మాట్లాడబోతే మాటకు బదులు గాలి వచ్చింది. నూట డెబ్బై రెండు. ప్రిన్సిపాల్ నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాడు. మారలేదు. అయిదు నిమిషాల తర్వాత ప్రసన్న నాడి ఎనభై నాలుగుకు దిగింది. తన్వితది ఇంకా నూట ఇరవై నాలుగు దగ్గరే ఉంది.

“నువ్వేం ఆట ఆడతావమ్మా?” అని ప్రిన్సిపాల్ ప్రసన్నను అడిగాడు.

“ఏమీ ఆడను సార్. రిజిస్టర్లు తెస్తాను.”

“రిజిస్టర్లా?”

“అటెండెన్సుకి, చాక్‌పీసులకి, నోట్సులు దిద్దాక తేవడానికి, లెక్కల సార్ టీ ఫ్లాస్కుకి. పిలిచినప్పుడల్లా దిగుతాను సార్.”

“రోజుకి ఎన్నిసార్లు?”

ఆ పిల్ల వేళ్లు మడిచి చూసుకుని, రెండు చేతులూ చాలక ఊరుకుంది. బ్రహ్మయ్య కల్పించుకున్నాడు. “చదువు రాదు కదండీ. క్లాసు పోయినా దీనికి కొత్తగా పోయేదేం లేదని టీచర్లందరూ దీన్నే పంపిస్తారు.” ప్రసన్న తలవంచుకుంది. ఈ మాట ఆమె వినడం ఇది మొదటిసారి కాదని హైమావతికి అర్థమైంది.

“మరి ఆటల పీరియడ్‌లో మీరేం చేస్తారు?” అని మాస్టారు తన్వితను అడిగారు.

“లెక్కలు చేస్తాం తాతగారూ” అంది తన్విత, ఇంకా ఊపిరి కూడదీసుకుంటూ.

ప్రిన్సిపాల్ కాగితంమీది ఆరు అంకెల్నీ చూస్తూ కూర్చున్నాడు. అతని మొహంలో రంగు మారడం హైమావతి చూసింది. “ఇది చాలా సీరియస్ విషయం మాస్టారూ. ఇన్నాళ్లూ నా దృష్టికి రాలేదు. తప్పకుండా చర్య తీసుకుంటాను” అన్నాడు. మాస్టారు టీ వద్దని లేచారు. గేటుదాకా సాగనంపుతూ హైమావతి, “ఆయనకి మీరొక్క ముక్కయినా చెప్పలేదేంటి మాస్టారూ?” అంది.

“లెక్కపెట్టిందెవరు?” అన్నారాయన. “నువ్వు అడిగినదానికి కూడా అందులోనే ఉంది. చూసుకో.”

ఆమె చూసుకుంది. శుక్రవారం ఉదయం ప్రార్థన కాగానే ఏడో తరగతిని లెక్కల సారుకు వదలకుండా కిందనే ఆపేసింది. ఆయన రెండుసార్లు వచ్చి, “ఏమ్మా, సిలబస్ నువ్వు పూర్తిచేస్తావా?” అని వెళ్లిపోయాడు. ఆమె ఒక్కొక్కరినీ పిలిచి చెయ్యి చాపమంది. మొదటి కుర్రాడు కళ్లు గట్టిగా మూసుకుని అరచెయ్యి పైకి పెట్టాడు. బెత్తం దెబ్బ అనుకున్నాడు. అరచెయ్యి కాదు, మణికట్టు కావాలని అర్థమయ్యాక పిల్లలు నవ్వారు. మెట్లెక్కి దిగి వచ్చినవాళ్లు తమ అంకె అడిగి తెలుసుకుని, పక్కవాడి అంకెతో పోల్చుకుని, నాదెక్కువంటే నాదెక్కువని గొప్పలు పోయారు. ఎక్కువైతే గొప్ప కాదని చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. నలుగురైదుగురు మొదటి అంతస్తు దాటగానే మెట్లమీద కూర్చుండిపోయారు. ఒకతె కడుపు పట్టుకుని ఏడ్చింది. వాళ్లను ఆమె ఇక ఎక్కనివ్వలేదు.

మధ్యాహ్నానికి నలభై ఆరు కార్డుల్లోనూ బ్రహ్మయ్య రాసిన డెబ్బై రెళ్లు కొట్టేసి, వాటి పక్కన ఎర్రసిరాతో అసలు అంకెలు వేసింది. ఎక్కలేకపోయినవాళ్ల గళ్లలో ‘ఎక్కలేకపోయింది’, ‘ఎక్కలేకపోయాడు’ అని రాసింది. అన్నిటికిందా సంతకం పెట్టి ప్రిన్సిపాల్ బల్లమీద పెట్టింది. అతను పైన ఉన్న రెండు కార్డులు చూసి తలాడించాడు. “గుడ్. చాలా కష్టపడ్డావు” అన్నాడు. పీరియడ్లు వచ్చేస్తాయని ఆ రాత్రి ఆమె ఇంట్లోవాళ్లతో చెప్పింది.

తర్వాతి గురువారం ఆమె మైదానానికి వచ్చేసరికి పిల్లలు పరుగు ముగించి నీళ్లు తాగుతున్నారు. ఈసారి ఆమె చేతిలో ఒక సర్క్యులర్ ఉంది. మాస్టారు కళ్లజోడు తెచ్చుకోలేదు. ఆమే చదివి వినిపించింది.

విద్యార్థుల గుండె ఆరోగ్యాన్ని దృష్టిలో ఉంచుకుని, నిపుణుల సమక్షంలో జరిపిన పరీక్షల ఆధారంగా, యాజమాన్యం సత్వర చర్యలు తీసుకున్నదని తల్లిదండ్రులకు అందులో తెలియజేశారు. చివరి వాక్యాన్ని ఆమె గబగబా చదివేసింది. మిగతాది బ్రహ్మయ్య చెబితే తెలిసింది. ఎర్రసిరా కార్డులు ఇళ్లకు వెళ్లనే లేదు. కొత్త కార్డులు రాయించి, లెక్కల సారు చేత సంతకం పెట్టించారు. ఆటల పీరియడ్లు నాలుగూ ఆయనకే ఉన్నాయి. హైమావతికి సోమవారం నుంచి గేటు దగ్గర డ్యూటీ వేశారు.

“చివర్న ఏముందన్నావు?” అని అడిగారు మాస్టారు.

“ఏడో తరగతిని కింది అంతస్తులోకి మార్చారట మాస్టారూ, ఆఫీసు పక్క గదిలోకి. పిల్లలకి ఆయాసం రాకుండా.”

మాస్టారు సర్క్యులర్ తీసుకుని నాలుగు మడతలు పెట్టి ఆమెకే ఇచ్చారు.

“మెట్లు కూడా తీసేశారన్నమాట” అన్నారు.