మూడో కొండ మీద గూళ్లు

అనగనగా సముద్రాల అవతల ఒక అడవి. చినుకు పడని రోజే ఉండదక్కడ. ఆ అడవిలో మూడు కొండలుండేవి, మొదటి కొండ మీద ఒక చింపాంజీల గుంపు ఉండేది. మీరు పొద్దున్న లేచి దుప్పటి కూడా మడవరు గానీ, చింపాంజీలు అలా కాదర్రా! రోజూ సాయంత్రం చెట్టెక్కి, కొమ్మలు వంచి, పచ్చి ఆకులు పరిచి, కొత్త గూడు కట్టుకునే పడుకుంటాయి.

ఆ గుంపులో చిగురి అనే తల్లి ఉండేది. దాని చంటిది ఇంకా వీపు దిగలేదు. గుంపుకి పెద్ద గండయ్య.

ఒకరోజు చిలుక కబురు తెచ్చింది. ఎవరో ఒకామె అడవిలోకి వస్తోందట, చెట్టుచెట్టుకీ తలెత్తి చింపాంజీల గూళ్లు లెక్కపెడుతోందట. గండయ్య గుండె గుభేలుమంది. ఇదంతా మనల్ని పట్టుకుపోవడానికేనని తేల్చేశాడు. మనం లేమనుకుంటే మన జోలికి ఎవరూ రారు, గూళ్లన్నీ పీకేయమన్నాడు. పీకేసి పొదల్లో నక్కాయి. ఆమె వచ్చింది, చూసింది, వెళ్లిపోయింది. గండయ్య చంకలు గుద్దుకున్నాడు.

వారం తిరక్కుండా యంత్రాలొచ్చాయి. ఖనిజం కోసం కొండను తవ్విపోశాయి. వాగంతా ఎర్ర బురదైపోయింది. గుంపు రెండో కొండకి పారిపోయింది. అక్కడికీ ఆమె వచ్చింది. మళ్లీ గూళ్లు పీకేశాయి. మళ్లీ యంత్రాలొచ్చాయి.

ఇక మిగిలింది మూడో కొండ. దాని వెనక పెద్ద నది. చింపాంజీలకి ఈత రాదు.

చిగురి చిలుకను కూర్చోబెట్టి, మనుషులు ఏమనుకున్నారో పొల్లుపోకుండా చెప్పమంది. చింపాంజీలున్న కొండను తవ్వకూడదని వాళ్ల కట్టుబాటట. ఒక్క గూడూ కనపడలేదు గనక ఇక్కడ చింపాంజీలు లేవని ఆమె రాసుకుందట.  రెండు కొండలూ చేతులారా పోగొట్టుకున్నామని చిగురి ఏడ్చింది.

ఆమె మూడోసారి వస్తోందని తెలియగానే గండయ్య మళ్లీ గూళ్లు పీకేయమన్నాడు. చిగురి కదల్లేదు.

"మనిషి మాట నమ్ముతావటే?" అన్నాడు గండయ్య.

"మనిషిని నమ్మడం కాదు పెద్దయ్యా. ఇంక దాక్కోవడానికి మనకి చోటేదీ? నేనున్నాను, నా బిడ్డ ఉంది. ఆ సంగతే చూపిస్తాను" అంది చిగురి.

పట్టపగలే దారి పక్కన చెట్టెక్కి గూడు కట్టింది.  బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె వచ్చి, తలెత్తి చూసి, అక్కడే ఆగిపోయింది. వల తీయలేదు, రాయి విసరలేదు. పుస్తకంలో ఏదో రాసుకుంది. అది చూసి ఒక్కొక్క చింపాంజీ పొదలోంచి లేచి చెట్టెక్కింది. కొండంతా కొమ్మలు వంచుతున్న చప్పుడే.

యంత్రాలు కొండ కిందిదాకా వచ్చాయి. నాలుగు రోజులు నిలబడి, వచ్చిన దారినే పోయాయి. పోయిన రెండు కొండలు మాత్రం తిరిగి రాలేదు.

గండయ్య చిగురి దగ్గరికొచ్చి తలొంచుకున్నాడు. "కనుక్కోకుండానే భయపడ్డానే అమ్మా" అన్నాడు.

నీతి: ఉన్నవాళ్లు ఉన్నామని నిలబడాలి, లేనట్టు దాక్కుంటే ఉన్న చోటు కాస్తా పరులపాలవుతుంది.