రాజుగారి అప్పగింతలు

నాలో ఒక సుగుణం ఉంది, చెప్పుకోవడం తప్పు కాదనుకుంటాను. నాకు గురువంటూ ఎవరూ లేరు. ఉన్న కాస్త చదువూ కిరాణాకొట్టు పొట్లాల మీది అచ్చు కూడబలుక్కుని నేర్చుకున్నదే. అందువల్ల నా అజ్ఞానంతో ఏ పంతులుగారికీ చెడ్డపేరు రాదు. ఎదుటివాళ్ళ పరువు ఇంత జాగ్రత్తగా కాపాడే మనిషి మా వీధిలో మరొకడు లేడు. గురువుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఈ కథ.

ఒకానొక రాజ్యంలో, పటంలో వెతక్కండి, దొరకదు, రణభైరవుడనే రాజు ఉండేవాడు. మంచివాడే. కాకపోతే ఏ పని చేసినా అంతకుముందు ఎవరూ చేయనంత పెద్దదిగా చేయాలి. మీసం పెంచితే చెవుల దాకా. పల్లకీ చేయిస్తే కోటగుమ్మం పట్టనంత. ఆ పల్లకీ ఇప్పటికీ లోపలే ఉంది.

అలాంటి రాజుగారి మనసు ధ్యానం మీదికి పోయింది. ఊర్ధ్వానందస్వామి అని ఒకాయన వచ్చి ఊపిరి బిగబట్టే విద్య చెప్పాడు. రెండో రోజే రాజు శక్తికి మించి బిగబట్టి, కళ్ళు తిరిగి, స్తంభానికి తల కొట్టుకున్నాడు. నుదుట నిమ్మకాయంత బొప్పి కట్టింది.

"అది మొదటి మెట్టు" అన్నాడు స్వామి.

ఆ మాటతో రాజు, బొప్పి నలుగురికీ కనబడేలా కిరీటం కాస్త పైకి జరిపి పెట్టుకున్నాడు. నెల తిరక్కుండానే సభలో ప్రకటించాడు:

"ఎల్లుండి నుంచి నలభై రోజులు రాతిగదిలో మా ధ్యానం. తిండీ నీళ్ళూ ఉండవు. తలుపుకు బయట గొళ్ళెం. మేము పిలిచినా తీయరాదు. మా ప్రాణభారం స్వామివారిది."

నీళ్ళు లేకుండా నాలుగు రోజులు గడవడమే కష్టమని రాజవైద్యుడు చెప్పబోయాడు. రాజు చెయ్యెత్తి ఆపేశాడు.

ఆ సాయంత్రం రాణి చెల్లమాంబ తిప్పనను పిలిపించింది. తిప్పన కొలువులో విదూషకుడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం, కాపాడటం అలవాటు.

"ఆయన నా మాట వినరు తిప్పనా. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

"వద్దంటే నలభైని ఎనభై చేస్తారమ్మగారూ. నేను ఔననే అంటాను. మీరు పెద్ద పళ్ళెంలో పాలు పోయించి ఉంచండి, చాలు."

మర్నాడు తిప్పన రాజు ముందు చేతులు కట్టుకున్నాడు.

"మహారాజా, తమంతటివారి భారాన్ని ఒట్టి నోటిమాటతో అప్పజెప్పడం ఏం మర్యాద? మామూలు ఇంట్లో పిల్లను అత్తారింటికి పంపాలన్నా అప్పగింతలు పెడతాం. చేతులు పాలలో ముంచి, అత్తమామల చేతుల్లో పెట్టి, వాళ్ళు సరేనన్నాకే పంపుతాం. ఇంతవరకూ ఏ రాజుకూ అప్పగింతలు జరగలేదు."

ఆఖరి మాట పనిచేసింది.

"జరిపించు" అన్నాడు రాజు, మీసం దువ్వుకుని.

సభ నిండిపోయింది. రాజు పెళ్ళికూతురిలా పీట మీద కూర్చుని చేతులు పాలలో ముంచాడు. తిప్పన ఆ చేతులు పట్టుకుని స్వామి వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు.

"స్వామీ, గారంగా పెరిగిన మనిషి. పూట తప్పితే శోష వస్తుంది. చలికి ఎడమ మోకాలు పట్టేస్తుంది. కోపమొస్తే మాట్లాడరు, అప్పుడు కాస్త పెరుగన్నం పెడితే సర్దుకుంటారు. ఇక ఈయన మీవాడు. ఈ నలభై రోజుల్లో స్పృహ తప్పినా, ఊపిరాడకపోయినా, ప్రాణం మీదికి వచ్చినా భారం మాదే అనండి."

సభలో ఎవరో ముక్కు చీదారు. రాజుకే కళ్ళు చెమర్చాయి.

స్వామి చేతులు మాత్రం కాషాయంలోకి వెళ్ళిపోయాయి.

"మేము దారి చూపేవాళ్ళం మాత్రమే నాయనా."

"ఆయన పడిపోతే?"

"అది ఆయన కర్మ."

"లేచి నిలబడితే?"

"అది మా కృప."

రాజు తలెత్తాడు. "ఇదెక్కడి పంపకం స్వామీ? పడితే నాదీ, లేస్తే మీదీనా?"



తిప్పన స్వామినే మెల్లగా అడిగాడు. "పోనీ, తమరెప్పుడైనా ఇలా నలభై రోజులు కూర్చున్నారా?"

"కూర్చోలేదు" అన్నాడు స్వామి. పాపం, అబద్ధమాడటం ఆయనకు రాదు. "తాళపత్రాల్లో చదివాను. అవీ సగమే దొరికాయి."

రాజు చేతుల నుంచి పాలు కారుతున్నాయి. "ఈ చేతులు ఎవరు పట్టుకుంటారయ్యా?" అని తిప్పన సభనంతా చూశాడు. మంత్రి పైకప్పు చూశాడు. సేనాపతి తన చెప్పులు చూసుకున్నాడు. రాణి లేచి చేతులు చాచబోయింది.

"మీరు చాలాకాలంగా మోస్తున్నారమ్మా, కూర్చోండి."

అని, తిప్పన రాజు కుడిచేతిని రాజు ఎడమచేతిలోనే పెట్టాడు.

"మహారాజా, మిమ్మల్ని మీకే అప్పగిస్తున్నాం. ఒక్కడే ఉన్నాడు మాకు. జాగ్రత్తగా చూసుకోండి."

రాజు తన చేతుల కేసి చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు. మొదట చిన్నగా, ఆపైన పీట కదిలేటంతగా.

ఆ రోజు నుంచి రాజుగారి ధ్యానం మారింది. పొద్దుటి ఫలహారం అరిగాక, తలుపు తెరిచే ఉంచి, ఊపిరిని దాని మానాన వదిలి గడియసేపు. తల బరువెక్కితే లేచి వైద్యుడికి చెప్పేవాడు. స్వామిని వెళ్ళగొట్టలేదు. పక్కన ఇంకో చాప వేయించి "ఇద్దరం నేర్చుకుందాం రండి" అన్నాడు.

ఇక బహుమానం. రాజు ఆ పాలచేతులతోనే మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు.

"జిగటగా ఉంది మహారాజా."

"ఇప్పుడది నీది. తుడుచుకునే పనీ నీదే."

ఈ కథ నేను చాలామందికి చెప్పాను. అందరూ బాగుందన్నారు. నామటుకు నేను, ఏదైనా పని చెడితే "తప్పు నాదే" అనేదాకా వచ్చాను. ఆ వెంటనే "కానీ" అనకుండా ఊరుకోవడం మాత్రం ఇంకా రాలేదు.