తిరుగుదారి పట్టిన తిమ్మిరి

వేళ్లు మొద్దుబారితే మీరు మందు ఎక్కడ రాస్తారు? నిజం చెప్పండి, వేళ్లకేగా? నొప్పి ఎక్కడుంటే తప్పూ అక్కడే ఉందని తీర్పు ఇచ్చేసి, ఆ చోటునే నలిపి, పిండి, పట్టీ కట్టి శిక్ష వేసేస్తాం మనం. హిమజ కూడా అంతే. ఫిజియోథెరపీ మూడో ఏడు చదువుతున్న పిల్ల, వాదనలో ఎవరికీ లొంగదు. ఒక ఉదయం కాలేజీ క్లినిక్‌లో తన గురువు ఎస్తేరు గారిని, తోటి విద్యార్థులంతా చూస్తుండగా, పేషెంటు ముందే నిలదీసింది.

"మేడం, ఈవిడ జబ్బు వేళ్లలో ఉంది. మీరు మెడ దగ్గర ఏం వెతుకుతున్నారు?"

ఈవిడ అంటే మంగాయమ్మ. నరసాపురం పక్క పల్లె. పదమూడో ఏట కొక్కెం సూది పట్టి, నలభై ఏళ్లుగా లేసు అల్లుతున్న మనిషి. ఆర్నెల్లుగా కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు మొద్దుబారాయి. సూది వేళ్ల మధ్య ఉందో జారిందో తెలియడం లేదు. ఆవిడ అల్లిన టేబుల్ గుడ్డలు రెండు, పువ్వులు ముడుచుకున్నాయని వెనక్కి వచ్చాయి. మూడోది ఒళ్లో ఉంది. ఇదీ తిరిగొస్తే ఇక దారం పంపేది లేదని, దారమిచ్చి లేసు కొనుక్కునే ఏజెంటు కబురు పెట్టింది. మంగాయమ్మ కర్పూరం వేసిన కొబ్బరినూనెతో వేళ్లు రుద్దించుకుంది, మణికట్టుకి గుడ్డ చుట్టుకుంది. డాక్టరు పరీక్షలు చేయించి, మణికట్టు దగ్గర నరం బాగానే ఉందని చెప్పి ఇక్కడికి పంపాడు. దారం ఆగిపోతే ఈ చేతులు ఇక దేనికన్నదే ఆవిడ బెంగ.

ఎస్తేరు గారు మెడ మీది నుంచి చెయ్యి తీసి, మంగాయమ్మను అల్లమన్నారు.

అల్లింది. చూస్తుండగానే తల కిందికి దిగింది. ఇంకా దిగింది. గడ్డం రొమ్ముకి ఆనేదాకా, ముక్కు దారానికి తగిలేదాకా. అంతగా వంగడం దేనికని గురువు అడిగితే, ఇందులో అడగడానికేముందన్నట్టు చూసింది ఆవిడ. వేళ్లకి తెలియడం మానేసింది కాబట్టి కళ్లతో చూసి అల్లుకుంటోందట. గమనించారా? వేళ్ల పని కళ్లకి అప్పజెప్పింది, కళ్ల కోసం మెడ వంచింది. మెడ వంచిన కొద్దీ వేళ్లు మరింత మొద్దుబారుతున్నాయని ఆ గదిలో అప్పటికి ఒక్కరికే తెలుసు.

గుడ్డ మూలన ఇంకా పూర్తికాని పువ్వు ఒకటి ముడుచుకుని ఉంది. దాన్ని సరిచెయ్యమని గురువు హిమజ చేతికిచ్చారు. హిమజ రేకుల్ని లాగింది, గోటితో నొక్కి సాపు చేసింది. వదలగానే అవి మళ్లీ ముడుచుకున్నాయి. ఇంకా గట్టిగా లాగబోతుంటే మంగాయమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"అమ్మాయిగారూ, దాన్నెందుకండి అలా హింస పెడతారు? పువ్వేం చేసిందండి పాపం? నాలుగు చుట్ల వెనకాల కుట్టు బిగిసిపోయిందండి. చదువుకున్నోరికి ఆ మాత్రం తెలీదేంటండి?"

గదిలో ఒకరిద్దరు నవ్వారు. హిమజ ముఖం ఎర్రబడింది. మంగాయమ్మ పువ్వు అందుకుని దారం లాగేసింది. నాలుగు చుట్లూ విడిపోయాయి. బిగిసిన కుట్టును వదులు చేసి, మొద్దుబారిన వేళ్లతోనే అరగంట కూర్చుని మళ్లీ అల్లుకొచ్చింది. ఈసారి పువ్వును ఎవరూ లాగలేదు, దానంతటదే పరుచుకుంది.

అప్పుడు ఎస్తేరు గారు ఆవిడ పక్కన నిలబడ్డారు. గడ్డం మీద రెండు వేళ్లు ఆనించి, తలను పైకి ఎత్తకుండా, కిందికి వంచకుండా, అరలోని పుస్తకాన్ని లోపలికి జరిపినట్టు మెల్లగా వెనక్కి నెట్టారు. వదిలారు. మళ్లీ నెట్టారు. పదోసారికి మంగాయమ్మ కళ్లు పెద్దవయ్యాయి. తిమ్మిరి వేలి కొసను వదిలిందని చెప్పింది. మరి పదిసార్లకు మణికట్టు దాటింది. తర్వాత మోచెయ్యి. ఆ చేతిని ఎవరూ ముట్టుకోలేదు. పుట్ట వెతుక్కుంటూ పోయే పాములా తిమ్మిరి భుజం వైపు పాకిపోతోందని ఆవిడ చెబుతుంటే, హిమజకు ఒళ్లు గగుర్పొడిచింది. మెడ ఎముకల మధ్య మొదలై వేలి దాకా సాగే ఆ నరాన్ని తను మూడేళ్లలో ఎన్నిసార్లు గీసిందో. పసుపు రంగు పెన్సిలుతో గీసి మార్కులు కూడా తెచ్చుకుంది. ఆ గీత మీద ఒక మనిషి బతుకు నడుస్తోందని చూడడం మాత్రం ఇదే మొదలు.

గంట తిరగకుండా తిమ్మిరి మళ్లీ వేళ్లలోకి దిగింది. దిగుతుందని గురువు ముందే చెప్పారు. గడ్డం వెనక్కి జరిపే ఆ కసరత్తు రోజుకి ఎన్నిసార్లో, ఒళ్లో తలగడ పెట్టుకుని అల్లకాన్ని కళ్ల దగ్గరికి ఎలా తెచ్చుకోవాలో నేర్పారు. ఒక్కో చుట్టు ముగియగానే తలెత్తి ఎదుటి గోడను చూడమన్నారు. అది ఆవిడ తరఫున ఇంకెవరూ చెయ్యలేని పని. ఆవిడ చేసింది. మూడో వారం మాత్రం కోపంగా వచ్చింది. వేళ్లు తేలికపడ్డాయి గానీ మెడ ఒకటే పీకుతోందట, ఒకటి బాగుచెయ్యమంటే ఇంకోటి తెచ్చిపెట్టారట. ఎస్తేరు గారు సంబరపడ్డారు. నొప్పి దూరం తిరగడం మాని సొంతింటికి చేరిందని, ఇక సాగనంపడం తేలికని చెప్పారు. మంగాయమ్మ నమ్మినట్టు లేదు, కానీ కసరత్తు మానలేదు.

ఎనిమిదో వారం ఆవిడ అదే కుర్చీలో, అందరి ముందూ, నిటారుగా కూర్చుని కళ్లు మూసుకుంది. సూది దారంలో దూరింది, తిరిగింది, పైకొచ్చింది. మూసిన కళ్ల కింద ఒక్కో రేకూ విచ్చుకుంటుంటే ఇరవై మంది విద్యార్థులు ఊపిరి బిగబట్టి చూశారు. వేళ్లు మళ్లీ తమ పని తాము అందుకున్నాయి. ఆ వారమే మూడో గుడ్డ వెళ్లింది. బదులుగా కొత్త దారపు ఉండలు వచ్చాయి.

ఈసారి హిమజ నిలదీయలేదు. ఇలా చూడడం ఏ పుస్తకంలో ఉందో చెబితే చదువుకుంటానని అడిగింది. ఎస్తేరు గారు ఆమె వైపే కాదు, గదిలో అందరి వైపూ తిరిగారు.

"ఇవాళ ఇంటికెళ్లాక, పని చేసుకుంటున్న మీ అమ్మ పక్కన ఒక గంట కూర్చోండి. చేతులు మాత్రం చూడకండి."