పసుపు లైటూ, ఏటిపాలెం మేళమూ

2022వ సంవత్సరం, వైశాఖమాసం. మూఢం విడిచింది, ముహూర్తాలు మొదలయ్యాయి. ఎండ ఎలా ఉందంటే, కాకులు కూడా నీడ వెతుక్కుని మరీ అరుస్తున్నాయి.

ఏటిపాలెం బ్యాండు మేళం వాళ్ళ తెలివి గురించి ఆ ఊళ్ళో ఎవరినీ అడగక్కర్లేదు. వాళ్ళే చెప్తారు. మేళం పెద్ద సూరన్న అయితే మరీను. "గోదారికి ఎన్ని వరదలొచ్చినా మా ఇంటి తెలివి చెక్కు చెదరలేదండి" అనేవాడు. నిజమే. వాడని వస్తువు అరుగుతుందా?

సూరన్నది క్లారినెట్టు. వాళ్ళావిడ నూకరత్నానిది తాళాలు. బావమరిది తాతాజీది తాషా డప్పు. తమ్ముడు బుల్లబ్బాయిది బూరా. నలుగురూ కలిసి ఒక పాత డీజిలు కారు కొన్నారు. అమ్మినవాడు "బంగారం లాంటి బండి" అన్నాడని నూకరత్నం దాన్ని రాత్రిళ్ళు ఇంట్లో పెట్టి తాళం వేద్దామంది. గుమ్మం చాల్లేదు గానీ, లేకపోతే పెట్టేవాళ్ళే.

ఆ రోజు కొబ్బరిపాడు సర్పంచి భూషణంగారి అమ్మాయి పెళ్ళి. మధ్యాహ్నం ముహూర్తం. ఊళ్ళో కుర్రాళ్ళంతా డీజే పెట్టమని గోల చేస్తే, భూషణంగారు ఒక్కరే మేళం కావాలని పట్టుబట్టారు. పిలిచి సూరన్నకి చెప్పారు కూడా. "ఒరేయ్ సూరన్నా, నా మాట నిలబెట్టు. ముహూర్తానికి మేళం మోగిందంటే, ఏటేటా మా ఊరి తీర్థానికి, అదే జాతరకి, మేళం నీదే. మోగలేదో, డీజే వాళ్ళకి రాసిచ్చేస్తా. మళ్ళీ నా గుమ్మం ఎక్కకు."

తీర్థం దొరికితే మేళం బతుకుతుంది. లేకపోతే క్లారినెట్టు అటకెక్కాల్సిందే. ఈ సంగతి మాత్రం సూరన్నకి బాగా తెలుసు. అందుకే తెల్లారగానే అందరినీ కారెక్కించాడు.

సగం దారిలో, కాలవ గట్టు మీద, సూరన్న ముందు, స్టీరింగు వెనకున్న మీటర్ల అద్దంలో పసుపు లైటొకటి వెలిగింది. బండి ఈడ్చుకుంటూ నడవడం మొదలెట్టింది.  సూరన్న బండి ఆపి, అమలాపురంలో ఉన్న కన్నబాబు మేస్త్రికి ఫోను కొట్టాడు.

మేస్త్రి అంతా విని చెప్పాడు. "పొగ గొట్టంలో వేడి ఎంతుందో చూసి చెప్పే సెన్సారు ఒకటి ఉంటుంది సూరన్నా. చిన్న పుల్లలా ఉంటుంది, తోకకి వైరు. నాకు దాని మీదే అనుమానం. గొట్టం మామూలుగానే ఉన్నా, కాలిపోతోందని అబద్ధం చెప్పి ఆ లైటు వెలిగిస్తుంది. కంగారుపడకు."

సూరన్న ఫోను పెట్టేసి, మీసం దువ్వుకున్నాడు. "విన్నారా? మన కారులో అబద్ధాలకోరు ఒకడున్నాడు. కాలుతోందంటున్నాడట. నిజమో కాదో తేల్చాలి."

"చెయ్యి పెట్టి చూద్దాం అన్నయ్యా" అన్నాడు బుల్లబ్బాయి.

"ఎవరి చెయ్యి?"

అందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఆ మాత్రం తెలివి నలుగురికీ ఉంది.

అప్పుడు తాతాజీ గర్వంగా తాషా తీశాడు. అసలైన మేకతోలు తాషా. వాయించే ముందు మంట మీద కాచితేగానీ పలకదు. "బావా, వేడి సంగతి చెప్పడంలో దీని కంటే సత్యసంధుడు ఎవరు? గొట్టం దగ్గర పెడతాను. తోలు బిగిసి టంగుమంటే వేడున్నట్టు, డబ్బుమంటే లేనట్టు."

"అబ్బబ్బ, మా తమ్ముడి బుర్ర!" అంది నూకరత్నం. "మా పుట్టింటి పోలికే."

ఇంజను రయ్యిమనిపించారు. తాతాజీ గొట్టం మూతికి తాషా ఆనించి పుల్లతో కొట్టాడు. టంగుమంది. 

"వేడుంది బావా!"

"ఎంతుంది?"

"అడిగి చెప్తానుండు." ఇంకాసేపు కాచాడు. కణంగుమంది. ఇంకాసేపు కాచాడు. ఫట్టుమంది. తోలు మధ్యకి చీలి, నల్లటి పొగ తాషాలోంచి తాతాజీ ముక్కులోకి పోయింది.

"చాలా ఉంది బావా" అన్నాడు తాతాజీ దగ్గుతూ.

ఇంకేముంది, సూరన్న మేస్త్రికి ఫోను చేసి తగులుకున్నాడు. "ఏమయ్యా, సెన్సారు నిజమే చెప్తోంది. అబద్ధాలాడేది నువ్వు. మా తాషా సాక్ష్యం, పాపం ప్రాణం ఇచ్చి మరీ చెప్పింది."

మేస్త్రి ఓపిగ్గా చెప్పాడు. "నడుస్తున్న బండికి గొట్టం వేడిగా ఉండదా నాయనా? ముందు చల్లారనీ. చల్లారాక కూడా లైటు వెలిగితే అప్పుడు చూద్దాం."

"చల్లార్చమంటున్నాడు" అన్నాడు సూరన్న.

కాలవలో నీళ్ళున్నాయి, మెడలో తువ్వాళ్ళున్నాయి. బుల్లబ్బాయి తువ్వాలు తడిపి గొట్టానికి చుట్టబోయాడు.

నూకరత్నం అడ్డుపడింది. "జొరం లోపలుంటే తడిగుడ్డ పైన వేస్తావేంటయ్యా మరిదీ? లోపల పెట్టు."

సబబుగానే ఉందని అందరూ ఒప్పుకున్నారు. ఒక తువ్వాలు గొట్టంలోకి కుక్కారు. ఇంకా చోటుంటే ఇంకోటి కుక్కారు. తాషా పుల్లతో దట్టించారు. గొట్టం చల్లబడింది. నూకరత్నం చేత్తో తాకి, "ఒళ్ళు చల్లగా ఉంది, పాపం నిద్రపోతోంది" అంది.

నిద్రే. సూరన్న ఎంత తాళం తిప్పినా లేవలేదు. పసుపు లైటు మాత్రం కళ్ళు విప్పుకునే ఉంది.

"ఊపిరాడక అన్నయ్యా. నా బూరాలో గుడ్డపేలిక ఇరుక్కున్నా ఇంతే. ఊదితే పోద్ది" అని బుల్లబ్బాయి బోర్లా పడుకుని గొట్టానికి నోరు పెట్టాడు. బుగ్గలు బూరెల్లా పొంగించి ఊదాడు. అదే సమయానికి, సాయం చేద్దామని, సూరన్న ఇంకోసారి తాళం తిప్పి గట్టిగా తొక్కాడు. ఢామ్మంది! రెండు తువ్వాళ్ళూ మసితో సహా వచ్చి బుల్లబ్బాయి మొహాన్ని ముద్దెట్టుకున్నాయి. లేచి నిలబడితే ఎవరో అనుకుని నూకరత్నం, "ఏ ఊరు బాబూ తమరిది?" అంది.

బండి కదిలింది. లైటు మాత్రం ఆరలేదు. సూరన్న మూడోసారి ఫోను చేశాడు.

మేస్త్రికి విసుగొచ్చేసింది. "వినవయ్యా మహానుభావా. ఒకవేళ గొట్టంలో మసి పేరుకుందేమో. లైటు ఆరేదాకా ఎక్కడా ఆపకుండా నడుపు. మసైతే ఆ వేడికి కాలిపోయి లైటు ఆరుతుంది. ఆరకపోతే సెన్సారు పోయినట్టే. సాయంత్రం తీసుకురా, మార్చేస్తా."

అంత తేలిక మాట! సూరన్న అందరికీ ముక్కకి ముక్క అప్పజెప్పాడు. "లైటు ఆరేదాకా ఎక్కడా ఆపకూడదు. తెలిసిందా?"

"ఆరకపోతేనో బావా?"

"ఆరకపోయిందని ఎప్పుడు తేలుద్దిరా? ఆరేదాకా చూస్తేనే కదా!"

ఆ మాటకి ముగ్గురూ సబబేనని తలలూపారు. 

ముహూర్తానికి ఇంకా చాలా వ్యవధి ఉండగానే కారు కొబ్బరిపాడు చేరింది. పందిరి ముందు భూషణంగారు కండువా సర్దుకుంటూ ఎదురొచ్చారు. "రండి రండి, వేళకొచ్చారు" అని చేతులు చాచారు. కారు ఆయన చేతుల పక్కనుంచి వెళ్ళిపోయింది.

ఊరి చుట్టూ ఉన్న రోడ్డు తిరిగి మళ్ళీ వచ్చింది. "ఒరేయ్, ఇక్కడే! పందిరి ఇక్కడ!" అని భూషణంగారు అరిచారు.

"తెలుసండి! ఆరలేదండి!" అన్నాడు సూరన్న కిటికీలోంచి. వెళ్ళిపోయాడు.

మూడోసారి వచ్చేసరికి సూరన్నకి భయం పట్టుకుంది. తీర్థం కళ్ళముందు కనబడుతోంది. వాయించకపోతే మాట పోతుంది, ఆపితే కారు పోతుంది. అప్పుడు మెరిసింది ఆలోచన. "వాయించండిరా! ఆపొద్దన్నాడు గానీ వాయించొద్దన్నాడా?" అంతే, ఒక చేత్తో బండి, ఒక చేత్తో క్లారినెట్టు. తాతాజీ చిరిగిన తాషాని పక్కన పెట్టి కారు తలుపు మీద వాయించాడు. సూరన్నకి చేతులు ఖాళీ లేక, పక్కనున్న బుల్లబ్బాయి అడుగడుక్కీ హారను కొట్టాల్సి రావడంతో బూరా ఊదడం కుదరక, హారన్నే రాగంలో కొట్టాడు. మేళం పందిరి దగ్గరికొచ్చేసరికి గట్టిగా, వెళ్ళేసరికి సన్నగా వినబడుతోంది. పెళ్ళికొడుకు జీలకర్ర బెల్లం పట్టుకుని, మేళం వచ్చినప్పుడు చెయ్యెత్తడం, పోగానే దించడం. పంతులుగారు "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచిన క్షణానికి మేళం ఊరికి ఆ చివరుంది.

సరిగ్గా తాళి కట్టే వేళకి దేవుడు కరుణించాడు. పందిరి ఎదురుగా కారు దగ్గి, వణికి, ఆగిపోయింది. డీజిలు అయిపోయింది.

భూషణంగారికి ప్రాణం లేచొచ్చింది. "హమ్మయ్య! దిగండ్రా, దిగి వాయించండి! తాళి పట్టుకుని నిలబడ్డాడు అల్లుడు!"

నలుగురూ ఒక్క ఉదుటున దిగారు. సూరన్న తల లోపలికి పెట్టి చూశాడు. పసుపు లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

"ఆరలేదు బావా?"

"ఆరలేదు. ఆగితే కొంప మునుగుద్ది. పట్టండి!"

నలుగురూ కారు వెనక భుజాలు ఆనించి, "ఐలెస్సా" అని తోసుకుంటూ పందిరి దాటిపోయారు. నూకరత్నం వెనక్కి తిరిగి, భూషణంగారితో మర్యాదగా, "ఇప్పుడే వచ్చేస్తామండి, తాళి అలాగే పట్టుకోమనండి" అంది.

పట్టుకోలేదు. ఎవరో కుర్రాళ్ళు ఫోనులో పాట పెట్టారు. ఆ పాటలోనే తాళి కట్టించేశారు.

కారు తోస్తూ తోస్తూ కాలవ గట్టు చేరేసరికి, పొద్దున్నుంచీ హారను కొట్టీ కొట్టీ బ్యాటరీ నీరసించి, లైటు మినుకుమంది, గుడ్డిదయింది, ఆరిపోయింది.

సూరన్న గట్టు మీద కూలబడి, చెమట తుడుచుకుని, మేస్త్రికి ఫోను చేశాడు. గొంతులో గర్వం పొంగుతోంది. "ఆరింది మేస్త్రీ! సెన్సారుకేం కాలేదు, మసే. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాం."

మాఘమాసంలో కొబ్బరిపాడు తీర్థం జరిగింది. డీజే మోగింది.